కాలిపర్‌ను స్వింగ్ ఆర్మ్ కింద బిగించాక వెనుక బ్రేకులో గాలి పోవడం లేదు

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. 2014 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఒకటి కొని, ఏడు నెలలుగా ఇంటి వెనుక రేకుల షెడ్డులో దానిని బాబర్‌గా మార్చుకుంటున్నాను. వెనుక మడ్‌గార్డు కోయించి, సీటు కిందికి దించి, కంపెనీ ఇచ్చిన వెనుక డ్రమ్ బ్రేకు తీసేసి డిస్క్ బ్రేకు అమర్చాను. హబ్బు, డిస్కు ఒక బండివి. కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే భాగం) మరో బండి ముందు చక్రానిది. అది పక్కకు జరిగే రకం, ఒకే వైపున 30 మిల్లీమీటర్ల పిస్టన్లు రెండు ఉన్నాయి. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను కాలిపర్‌కు నెట్టే భాగం) ఇంకో బండి వెనుక బ్రేకు నుంచి తీసినది, దాని ఒంటి మీద లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో తెలిపే 11 అనే అంకె పోత పోసి ఉంది. బ్రాకెట్‌ను లేత్ షాపులో కొలతలిచ్చి చేయించాను. కాలిపర్ పైన కనిపిస్తే వెనుక భాగం అందం చెడుతుందనిపించి, దానిని స్వింగ్ ఆర్మ్‌కు (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చట్రానికి) కింది వైపున బిగించాను. హోస్ మాస్టర్ సిలిండర్ దగ్గర బయలుదేరి, ఫ్రేము పైపు మీదుగా ఒక వంపు తిరిగి, అక్కడి నుంచి కాలిపర్‌కు దిగుతుంది. బ్రేకు లైటు కోసం మాస్టర్ సిలిండర్ దగ్గరి బాంజో బోల్టుకే (హోస్‌ను బిగించే, ఆయిల్ పారడానికి లోపల రంధ్రం ఉన్న బోల్టు) ప్రెషర్ స్విచ్చి ఉంది.

సమస్య ఇది. ఇప్పటికి మూడు సార్లు, మూడు వేర్వేరు రోజుల్లో ఎయిర్ తీశాను. మా తమ్ముడు పెడల్ తొక్కి పట్టుకుంటే నేను నిపుల్ (కాలిపర్ మీద గాలి బయటికి వదిలే చిన్న మర) తిప్పి, బుడగలు రావడం ఆగేదాకా చేశాను. అర లీటరు డాట్ 4 బ్రేక్ ఆయిల్ ఖర్చయింది. చివరికి నిపుల్‌కు తగిలించిన ట్యూబులో ఒక్క బుడగ కూడా కనిపించడం లేదు. అయినా పెడల్ మొదటి తొక్కుకు దాదాపు చివరి దాకా మెత్తగా దిగిపోతుంది. వెంటవెంటనే మూడు నాలుగు సార్లు తొక్కితే గట్టిపడుతుంది. పది నిమిషాలు వదిలేసి మళ్ళీ తొక్కితే మొదటికే వస్తుంది. ఎక్కడా తడి లేదు, ఆయిల్ మట్టం తగ్గడం లేదు. ఇది తేలేదాకా బండిని రోడ్డు మీదికి తీసుకెళ్ళకూడదని నిర్ణయించుకున్నాను. లోపం ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి జవాబు (హైదరాబాద్, మెకానిక్)

మీరు రాసిన వివరాల్లో ఒక్క వాక్యం చదవగానే విషయం అర్థమైంది. ఆ కాలిపర్ ముందు చక్రానిది. దానిని తయారు చేసినవారు ముందు ఫోర్కుకు బిగించినప్పుడు నిపుల్ అన్నిటికన్నా పైన ఉండేలా లోపలి దారులు తొలిచారు. మీరు దానిని స్వింగ్ ఆర్మ్ కింద వేలాడదీసేసరికి నిపుల్ కిందికో పక్కకో వచ్చి ఉంటుంది, పిస్టన్ల వెనుక ఉన్న గదిలో నిపుల్ రంధ్రం కన్నా ఎత్తైన మూల ఒకటి ఏర్పడి ఉంటుంది. గాలి ఆ మూలకే చేరుతుంది. మీరు ఎంత ఆయిల్ పంపినా అది ఆ గాలి కింద నుంచి పారి నిపుల్‌లో నుంచి బయటికి వస్తుంది గాని, పైన కూర్చున్న గాలిని కదిలించదు. ట్యూబులో బుడగలు కనిపించకపోవడానికి కారణం గాలి లేకపోవడం కాదు, అది మీరు తెరిచిన తలుపు దగ్గరికి రాలేకపోవడం.

దీనికి చేయవలసిన పని సులువే. కాలిపర్ బోల్టులు రెండూ విప్పి, హోస్ విప్పకుండానే, కాలిపర్‌ను డిస్కు నుంచి బయటికి తీయండి. డిస్కు ఎంత మందం ఉందో అంతే మందం ఉన్న చెక్క ముక్కనో ఇనుప పట్టీనో ప్యాడ్ల మధ్య గట్టిగా కూర్చోబెట్టండి. ఇది మరిచిపోతే పెడల్ తొక్కగానే పిస్టన్లు బయటికి తోసుకొచ్చేస్తాయి, అప్పుడు పని రెండింతలవుతుంది. తరువాత నిపుల్ నిట్టనిలువుగా ఆకాశం వైపు చూసేలా కాలిపర్‌ను పట్టుకుని, లేదా సీటు పట్టీకి తాడుతో కట్టి, స్క్రూడ్రైవర్ పిడితో దాని ఒంటి మీద మెల్లగా పది పదిహేను సార్లు తట్టండి. గోడలకు అంటుకున్న చిన్న బుడగలు ఆ తాకిడికి విడిపోయి పైకి చేరతాయి. ఆ తరువాతే ఎయిర్ తీయడం మొదలుపెట్టాలి.

తొక్కే పద్ధతి గురించి కూడా ఒక మాట. షెడ్డుల్లో కుర్రవాళ్ళు పెడల్‌ను టకటకా పది సార్లు తొక్కి పట్టుకోవడం నేను రోజూ చూస్తుంటాను. అలా తొక్కితే పెద్ద బుడగ చితికి నురుగుగా మారి ఆయిల్ అంతటా కలిసిపోతుంది, మళ్ళీ అది ఒక చోటికి చేరడానికి గంటలు పడుతుంది. ఒక్కసారి, నెమ్మదిగా, చివరి దాకా తొక్కి పట్టుకోమనండి. నిపుల్ పావు చుట్టు తిప్పి తెరవండి, పారడం తగ్గగానే మూయండి, మూసిన తరువాతే పెడల్ వదలమనండి. ట్యూబు చివర సీసాలోని ఆయిల్‌లో మునిగే ఉండాలి. పైన మాస్టర్ సిలిండర్‌కు ఆయిల్ అందించే డబ్బాలో మట్టం సగం కన్నా దిగనివ్వకూడదు.

మరొక మాట. మనమందరం దీనిని బ్రేక్ ఆయిల్ అంటాం గాని ఇది నూనె కాదు. ఆ పేరు వల్లనే మోసపోయి డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోసుకొచ్చిన బండిని ఒకసారి చూశాను. లోపలి రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బి, పిస్టన్ ముందుకూ వెనక్కూ కదలక, మాస్టర్ సిలిండర్, హోస్, కాలిపర్ సీళ్ళు అన్నీ మార్చవలసి వచ్చింది.

రెండవ జవాబు (విశాఖపట్నం నుంచి)

పై సలహా సరైనదే. దానికి తోడుగా నాకు పనికొచ్చిన ఒక చిట్కా చెబుతాను. ఎయిర్ తీయడం పూర్తయ్యాక పెడల్‌ను బాగా కిందికి నొక్కి, పాత ట్యూబు ముక్కతో ఫుట్‌రెస్టుకు కట్టేసి, రాత్రంతా అలాగే వదిలేయండి. తెల్లవారి విప్పి చూస్తే పెడల్ గట్టిగా ఉంటుంది. నా బండికి రెండు సార్లు ఇలాగే పనిచేసింది.

ఇంకొకటి, మీ బండికి ఖరీదైన పెయింటు వేయించి ఉంటే డాట్ 4 చుక్క పడినా పెయింటు లేచిపోతుంది. సిలికాన్‌తో చేసిన డాట్ 5 వాడితే ఆ భయం ఉండదని విన్నాను. దాని గురించి తెలిసినవారు చెప్పాలి.

మూడవ జవాబు (పుణే నుంచి, వాహన విడిభాగాల పనిలో ఉన్నాను)

ముందుగా డాట్ 5 సంగతి. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గ్లైకాల్ జాతివి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. డాట్ 5 ఒక్కటే సిలికాన్. అంకె చూసి 5.1కు అన్నదమ్ముడనుకుంటారు గాని ఈ రెండింటికీ చుట్టరికం లేదు. సిలికాన్ పెయింటును పాడుచేయదన్నది నిజమే, కొన్ని పాత హార్లే డేవిడ్‌సన్ బండ్లలో కంపెనీయే దానిని పోసేది. కాని అది సన్నని బుడగలను తనలో పట్టుకుని వదలదు. గాలి పోక బాధపడుతున్నవారు దానిని ఎంచుకోవడం కోరి కష్టం తెచ్చుకోవడమే. పైగా డాట్ 4 ఉన్న బ్రేకులో దానిని పోస్తే రెండూ కలవకుండా విడివిడిగా ఉంటాయి. పెయింటుకు భయపడితే ట్యాంకు మీద తడి గుడ్డ కప్పి, చుక్క పడగానే నీళ్ళతో కడగండి. డాట్ 4 నీటిలో ఇట్టే కలిసిపోతుంది.

నీటితో అంత చనువు ఉండటమే దాని లోపం కూడా. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అదే ఆయిల్ 3.7 శాతం నీరు పీల్చుకుంటే ఆ హద్దు 155కు దిగుతుంది. విజయవాడ, విశాఖ లాంటి ఉక్క ఊళ్ళలో మూత తీసిన సీసాను నెలల తరబడి షెడ్డులో ఉంచి మళ్ళీ వాడకండి. ట్యూబులో నుంచి బయటికి వచ్చిన ఆయిల్‌ను తేటగా కనిపించినా తిరిగి డబ్బాలో పోయకండి.

పెడల్ కట్టి ఉంచే చిట్కా గురించి. అది పూర్తిగా మూఢనమ్మకం కాదు. ఒత్తిడి వల్ల బుడగలు కుంచించుకుపోయి గోడలను వదులుతాయి, కొంత గాలి ఆయిల్‌లో కరుగుతుంది, మిగిలింది పైకి ఎక్కుతుంది. కాని పెడల్ నొక్కి ఉన్నంత సేపూ మాస్టర్ సిలిండర్‌లో డబ్బా వైపు తెరుచుకునే సన్న రంధ్రం మూసుకుని ఉంటుంది కాబట్టి గాలి డబ్బాలోకి పోయేది పెడల్ వదిలినప్పుడే. అదీ గాలి మాస్టర్ సిలిండర్ దాకా చేరి ఉంటేనే. ఈ బండిలో హోస్ వంపు మాస్టర్ సిలిండర్ కన్నా ఎత్తుగా ఉందంటున్నారు కనుక గాలి ఆ వంపు శిఖరం దగ్గరే ఆగిపోతుంది. చివరి మెరుగుకు ఈ చిట్కా పనికొస్తుంది, అసలు లోపాన్ని సరిచేయదు.

ఇప్పుడు గాలి ఎంత ఉంటే ఎంత నష్టమో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే చాలామంది ఒక చిన్న బుడగే కదా అనుకుంటారు. ఒక మిల్లీలీటరు గాలి, అంటే శనగ గింజల్లాంటివి రెండు మూడు బుడగలు, లోపల ఉన్నాయనుకుందాం. పెడల్ మీద బరువు పెరిగి ఆయిల్‌లో ఒత్తిడి 10 బార్లకు (బయటి గాలి ఒత్తిడికి పైన సుమారు మరో పది రెట్లు) చేరేసరికి ఆ గాలి సుమారు పదకొండో వంతుకు కుంచించుకుపోతుంది. అంటే 0.9 మిల్లీలీటర్ల ఆయిల్ ప్యాడ్లను కదిలించకుండా ఆ ఖాళీని నింపడానికే ఖర్చయింది. మీ 11 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 95 చదరపు మిల్లీమీటర్లు. 900ను 95తో భాగిస్తే 9.5 మిల్లీమీటర్లు. పుష్ రాడ్ (పెడల్ కదలికతో మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెట్టే కడ్డీ) ఒక సెంటీమీటరు దాకా వృథాగా కదలాలి, పెడల్ దగ్గర అది దాదాపు ఐదింతలు. ఇంత చిన్న సిలిండర్‌తో ఇక బ్రేకు పట్టడానికి మిగిలేది చాలా తక్కువ.

అయితే మీ పెడల్ లోతుగా దిగడానికి గాలి ఒక్కటే కారణం కాకపోవచ్చు. 30 మిల్లీమీటర్ల పిస్టన్లు రెండింటి వైశాల్యం కలిపి 1414 చదరపు మిల్లీమీటర్లు. ప్యాడ్లు డిస్కును తాకడానికి పిస్టన్లు మొత్తం 0.3 మిల్లీమీటర్లు ముందుకు రావాలనుకుంటే 424 ఘన మిల్లీమీటర్ల ఆయిల్ కావాలి. అందుకు మీ 11 మిల్లీమీటర్ల సిలిండర్ 4.5 మిల్లీమీటర్లు కదలాలి, 14 మిల్లీమీటర్లదైతే 2.8 చాలు. గాలి పూర్తిగా పోయిన తరువాత కూడా మీ పెడల్ కొంత లోతుగానే ఉంటుంది. పైగా సిలిండర్ చిన్నదైనకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కనుక 11తో వచ్చే బలం ఈ కాలిపర్‌కు చాలా ఎక్కువ. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు జరిగి వెనుక చక్రం తేలికవుతుంది కాబట్టి అది సులువుగా జామ్ అయి జారుతుంది. గాలి తీయడం ముగిశాక 14 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్ వేసుకోమని నా సలహా. అప్పుడు అదే కాలి బరువుకు వచ్చే బలం సుమారు 38 శాతం తగ్గుతుంది, వెనుక చక్రానికి అది మేలే.

మార్చేటప్పుడు బాంజో బోల్టు మర పిచ్ (పక్కపక్క మర గీతల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) తప్పక చూడండి. పైకి ఒకేలా కనిపించే 10 మిల్లీమీటర్ల బోల్టుల్లో 1.0 పిచ్‌వి, 1.25 పిచ్‌వి రెండు రకాలూ బజారులో దొరుకుతాయి. ఒకదాని చోట ఇంకొకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, బిగిసిందనుకుని స్పానర్ లాగితే అల్యూమినియం మర ఊడిపోతుంది. వేళ్ళతో చివరి దాకా తిరగని బోల్టుకు స్పానర్ పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం కాలిపర్ విప్పి, ప్యాడ్ల మధ్య ఐదు మిల్లీమీటర్ల ఇనుప పట్టీ పెట్టి, నిపుల్ పైకి వచ్చేలా సీటు పట్టీకి కట్టాను. మొదటి సారి నిపుల్ తెరవగానే ట్యూబులో వేలెడు పొడవున ఒట్టి గాలి పోయింది. ఆ తరువాత కాలిపర్‌ను తట్టిన ప్రతిసారీ ఆవాల్లాంటి బుడగలు వరుసగా పైకి వచ్చాయి. మూడు సార్లు ఎయిర్ తీసి ఒక్క బుడగ లేదని నమ్మిన కాలిపర్ ఇదే. పన్నెండో తొక్కుకు అవి ఆగిపోయాయి.

కాలిపర్‌ను తిరిగి బిగించాక పెడల్ చాలా మెరుగైంది. ఇంతకు ముందు చివరి దాకా దిగేది ఇప్పుడు సగం దగ్గర ఆగుతోంది. కాని ఆగిన చోట రాయిలా లేదు, కొంచెం సాగుతూ మెత్తగా ఉంది, రెండో తొక్కుకు మొదటిదాని కన్నా కాస్త పైన ఆగుతోంది. కాబట్టి ఇంకా ఎక్కడో గాలి ఉందనే అనుకుంటున్నాను. పిచికారీతో నిపుల్ దగ్గర లాగి చూశాను. ఎంత సేపు లాగినా సన్నని బుడగలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి, అది చూసి మరింత గందరగోళంగా ఉంది.

నాలుగవ జవాబు (హైదరాబాద్, మెకానిక్)

పిచికారీతో లాగినప్పుడు వచ్చే ఆ ఆగని బుడగల్లో చాలావరకు బ్రేకులోవి కావు. నిపుల్ వదులు చేసినప్పుడు దాని మర సందుల్లో నుంచి బయటి గాలి ట్యూబులోకి వస్తుంది. నిపుల్ విప్పి, మొన మీద పడకుండా మరకు మాత్రమే టెఫ్లాన్ టేపు ఒక చుట్టు చుట్టి మళ్ళీ లాగితే తేడా తెలుస్తుంది. నేనైతే లాగడం కన్నా నెట్టడమే మేలంటాను. మందుల షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజిని కొత్త ఆయిల్‌తో నింపి, ట్యూబులో గాలి లేకుండా చూసి, నిపుల్ దగ్గర నుంచి పైకి నెమ్మదిగా నెట్టండి. గాలి తానై వెళ్ళాలనుకునే దిక్కూ పైకే, ఆయిల్ పారే దిక్కూ పైకే. మీ హోస్‌లోని వంపును దాటించడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. నెట్టే ముందు పైన డబ్బాలోని ఆయిల్ చాలావరకు తీసేయండి, లేకపోతే పొంగి ఫ్రేము మీద పడుతుంది.

అది ముగిశాక మాస్టర్ సిలిండర్ దగ్గరి బాంజో సంగతి చూడాలి. ఆ బోల్టు తల మీద ప్రెషర్ స్విచ్చి ఉందన్నారు. స్విచ్చి లోపల చిన్న గుంత ఉంటుంది, అది పైకి తిరిగి ఉంటే అందులో చేరిన గాలి ఎటూ కదలదు. చుట్టూ గుడ్డ కప్పి, పెడల్‌ను మెల్లగా తొక్కించి, స్విచ్చిని, దాని తరువాత బాంజో బోల్టును పావు చుట్టు వదులు చేసి వెంటనే బిగించండి. బుస్సుమంటూ నురుగు వస్తే గాలి అక్కడున్నట్టే. ఇలా రెండు మూడు సార్లు చేసి, చివర రెండు రాగి వాషర్లూ కొత్తవి వేసి బిగించండి. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగ్గా కూర్చోదు.

ఇంకొకటి అడగాలి. పుష్ రాడ్‌కు, పిస్టన్‌కు మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉందా? మీరు పెడల్ ఎత్తు సరిచేయడానికి రాడ్‌ను పొడవు చేసి ఉంటే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, సన్న రంధ్రం తెరుచుకోదు, గాలి డబ్బాలోకి పోదు. దానిని కనిపెట్టడం తేలిక. డబ్బా మూత తీసి, లోపలికి చూస్తూ, పెడల్‌ను చేత్తో కొద్దిగా నొక్కండి. కదలిక మొదలైన క్షణంలో అడుగు నుంచి ఊటలా సన్నని ధార పైకి రావాలి. రాకపోతే రంధ్రం ముందే మూసుకుని ఉందని అర్థం. అలాంటి బండి పది కిలోమీటర్లు నడిస్తే ఆయిల్ వేడెక్కి వ్యాకోచించి, పోవడానికి దారి లేక, బ్రేకు తానై పట్టేస్తుంది. హైవే మీద వెనుక చక్రం అలా పట్టేసిన బండిని లారీలో ఎక్కించి తెచ్చిన రోజు నాకు గుర్తుంది.

ఐదవ జవాబు (పుణే నుంచి)

అన్నీ చేశాక కూడా మొదటి తొక్కు లోతుగా ఉంటే డిస్కు వంకరను కూడా అనుమానించండి. డిస్కు, హబ్బు వేరే బండివి, బ్రాకెట్ చేతితో చేయించినది. చక్రం తిరుగుతున్నప్పుడు డిస్కు పక్కలకు ఊగితే ప్యాడ్లను వెనక్కి నెడుతుంది, మళ్ళీ తొక్కినప్పుడు ఆ దూరమంతా పూడ్చాలి. గాలికీ దీనికీ తేడా తెలుసుకోవడానికి పెడల్ గట్టిపడేదాకా తొక్కి, చక్రం కదలకుండా పది నిమిషాలు ఆగి తొక్కండి. తరువాత మళ్ళీ గట్టిపరిచి, ఈసారి చక్రాన్ని చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి తొక్కండి. తిప్పినప్పుడు మాత్రమే లోతుగా దిగితే లోపం డిస్కుది, తిప్పకపోయినా దిగితే గాలిది. తొక్కి పట్టుకున్న పెడల్ కాలి కింద మెల్లమెల్లగా కుంగిపోతుంటే మాత్రం రెండూ కాదు, బయట తడి లేకపోతే అది మాస్టర్ సిలిండర్ లోపలి సీలు.

ప్రశ్న అడిగినవారు

పది రోజుల తరువాత రాస్తున్నాను. పుష్ రాడ్ విషయంలో మీ అనుమానం నిజమైంది. పెడల్ ఫుట్‌రెస్టుకు సమానంగా రావాలని నేనే రాడ్‌ను పొడవు చేశాను, ఖాళీ అసలు లేదు. మూత తీసి నొక్కి చూస్తే ఆయిల్ కదలనే లేదు. రాడ్‌ను రెండు చుట్లు వెనక్కి తిప్పి, పెడల్ ఎత్తును దాని ఆపు బోల్టుతో సరిచేశాక, నొక్కిన ప్రతిసారీ సన్నని ఊట స్పష్టంగా కనిపించింది. సిరంజితో కింది నుంచి నెట్టినప్పుడు డబ్బా అడుగున నాలుగు పెద్ద బుడగలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పగిలాయి. అవి హోస్ వంపులోనివే అయి ఉంటాయి. స్విచ్చి వదులు చేసినప్పుడు తెల్లని నురుగు వచ్చింది, రెండోసారికి తేట ఆయిల్ వచ్చింది.

మాస్టర్ సిలిండర్ 14 మిల్లీమీటర్లది తెచ్చి వేశాను. దాని మర 1.25 పిచ్, నా దగ్గరున్న బోల్టు 1.0. వేళ్ళతో తిప్పి చూడమన్న మాట గుర్తుండబట్టి రెండో చుట్టు దగ్గరే ఆగిపోయాను. చక్రం తిప్పకుండా, తిప్పి, రెండు రకాలుగానూ పరీక్షించాను, తేడా కనిపించలేదు కనుక డిస్కు నిటారుగానే ఉందనుకుంటున్నాను. ఇప్పుడు పెడల్ స్కేలుతో కొలిస్తే 20 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది, ఆగిన చోట గట్టిగా ఉంటుంది. మూడు రోజులుగా ఉదయం మొదటి తొక్కుకు కూడా అదే అంకె వస్తోంది. నిన్న తెల్లవారుజామున ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి, వెనుక బ్రేకు మాత్రమే వేసి ఆపి చూశాను. వచ్చాక నిపుల్ చుట్టూ, బాంజోల చుట్టూ తెల్ల కాగితం ఒత్తి చూస్తే తడి అంటలేదు.

కాలిపర్‌ను స్వింగ్ ఆర్మ్ పైకి మార్చాలని నిర్ణయించుకున్నాను. ఆయిల్ మార్చే ప్రతిసారీ దానిని విప్పి తాడుతో కట్టడం నాకు సాధ్యమే గాని, రేపు ఈ బండి మరొకరి చేతికి వెళ్తే వారికి ఈ సంగతి ఎవరు చెబుతారు? నిపుల్ నిలువుగా పైకి ఉండేలా అట్టముక్కతో కొత్త బ్రాకెట్ నమూనా కోసుకుని, ఈ సాయంత్రం లేత్ షాపులో ఇచ్చి వచ్చాను.